ఇంతకీ ఈ కథ ఏమంటోంది?

ఈ పూట మనం మాట్లాడుకునేది తెలుగు తరగతిలో పిల్లలు రాయాల్సిన ఒకే ఒక్క వాక్యం గురించి. పాఠం అయ్యాక కథ చెప్పమంటే పిల్లలు గడగడా చెప్తారు. కవి పరిచయం అడిగితే బిరుదులతో సహా అప్పజెప్తారు. ప్రతిపదార్థాలు రాస్తారు, సంధులు విడదీస్తారు. "సరే, ఇంతకీ ఈ కథ ఏమంటోంది? ఒక్క వాక్యంలో రాయండి" అంటే మాత్రం కలం ఆగిపోతుంది. లేదంటే స్నేహం, దానం, స్త్రీ విద్య అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఇందులో పిల్లల తెలివికి లోటేమీ లేదు. ఆ పని ఎలా చెయ్యాలో మనం వాళ్లకు విడమరిచి చెప్పలేదు, అంతే. రచన మొత్తం మీద ఏం చెబుతోందో తేల్చి చెప్పే ఆ వాక్యాన్ని ఈ ప్రసంగంలో సారవాక్యం అనుకుందాం. సారవాక్యం రాయడం పుట్టుకతో వచ్చే విద్య కాదు, నేర్పితే వచ్చేది. దాన్ని మూడు ప్రశ్నలతో నేర్పొచ్చు. దేని గురించి? దాని గురించి ఏమంటోంది? అది ఎక్కడ కనిపించింది? ఈ మూడే. మళ్లీ చెప్తున్నాను, గుర్తుపెట్టుకోండి. దేని గురించి, ఏమంటోంది, ఎక్కడ కనిపించింది.

మొదటి రెండు ప్రశ్నలకూ తేడా ఏమిటో ఇంట్లో మాటలతోనే చూద్దాం. ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. పిల్లవాడు ఎత్తాడు. వంటింట్లోంచి అమ్మ అడిగింది, "పిన్ని ఏమందిరా?" అని. "పెళ్లి గురించి" అన్నాడు వాడు. అమ్మకు ఏం తెలిసినట్టు? పెళ్లి కుదిరిందా, తప్పిపోయిందా, ముహూర్తం మారిందా, మనల్ని ముందే రమ్మందా? ఏమీ తెలియలేదు. అందుకే అమ్మ ఊరుకోదు. "పెళ్లి గురించేలే, ఏమందో చెప్పు" అంటుంది. అప్పుడు వాడు "ముహూర్తం వచ్చే నెలకు మారిందట, పెళ్లికొడుకు వాళ్లకు సెలవు దొరకలేదట" అంటాడు. ఇప్పుడు అమ్మకు విషయం అందింది. మొదటి జవాబు దేని గురించో చెప్పింది. రెండో జవాబు ఏమందో చెప్పింది. పిన్ని మాటల దగ్గర ఈ తేడా ప్రతి పిల్లవాడికీ తెలుసు. కథల దగ్గరికి వచ్చేసరికి మనమే ఆ రెండో ప్రశ్న అడగడం మానేశాం. స్నేహం అని పిల్లవాడు చెప్పగానే "శభాష్, కూర్చో" అంటున్నాం. నిజానికి అసలు ప్రశ్న అప్పుడే మొదలవ్వాలి. స్నేహం గురించి ఈ కథ ఏమంటోంది?

ఈ అలవాటుకు మన పుస్తకాలూ కొంత దోహదం చేశాయి. ప్రభుత్వ తెలుగు వాచకం తెరిచి విషయసూచిక చూడండి. పాఠం పేరు, ప్రక్రియ, కవి పేరు, వాటి పక్కన ఇతివృత్తం అని ఒక గడి కనిపిస్తాయి. ఆ గడిలో ఉండేది ఒకటి రెండు మాటలే. ఏ పాఠం దేనికి సంబంధించినదో ఉపాధ్యాయుడు ఒక చూపులో తెలుసుకోవడానికి ఆ గడి పనికొస్తుంది. అందుకోసమే దాన్ని పెట్టారు, తప్పు లేదు. ఆ గడిలో మాటే పాఠం సారమని పిల్లలు అనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది. దీన్ని దాటించడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పిల్లలు ఏం రాసినా, దాని చివర "అని ఈ కథ చెబుతోంది" అనే మాటలు చేర్చి పైకి చదవమనండి. "దానం అని ఈ కథ చెబుతోంది." అతకలేదు. చెవికే తెలిసిపోతుంది. "ఇచ్చిన మాట కోసం ఉన్నదంతా పోగొట్టుకున్నవాడు ఓడినా చిన్నవాడు కాడు అని ఈ కథ చెబుతోంది." ఇది అతికింది. ఎందుకు అతికిందంటే, ఇక్కడ ఎవరో ఏదో అంటున్నారు. అందులో ఒక అభిప్రాయం ఉంది. అవునని ఒప్పుకోవచ్చు, కాదని వాదించవచ్చు. ఒట్టి మాటతో ఎవరూ వాదించలేరు. వాదించడానికి వీలున్నదే సారవాక్యం.

ఇప్పుడు చెప్పిన వాక్యం బలిచక్రవర్తి కథ గురించే. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని ఈ ఘట్టం తెలంగాణ పదో తరగతి వాచకంలో దానశీలము అనే పాఠంగా వచ్చింది. కథ అందరికీ తెలుసు. వామనుడు వచ్చి మూడడుగుల నేల అడిగాడు. బలి ఇస్తానన్నాడు. వచ్చినవాడు విష్ణువని బలి గురువు శుక్రాచార్యుడు కనిపెట్టి వద్దని హెచ్చరించాడు. గురువు చెప్పింది అక్షరాలా నిజం. అది నిజమని తెలిసీ బలి మాట వెనక్కి తీసుకోలేదు. రాజ్యం పోయింది, గురువు శాపం తగిలింది, చివరికి సుతలానికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ విష్ణువే అతని వాకిలి కాచాడు. ఈ కథకు చాలామంది పిల్లలు రాసే వాక్యం "అందరూ దానం చెయ్యాలి" అని. "అని ఈ కథ చెబుతోంది" చేర్చి చూస్తే ఇది కూడా అతుకుతుంది. అయితే ఇక్కడ మరొక పరీక్ష పెట్టాలి. వాక్యం చివర చెయ్యాలి, ఉండాలి, చెయ్యకూడదు లాంటి మాట వస్తే పిల్లలను కాస్త ఆగమనండి. అక్కడ కథ వెనక్కి పోయి మన హితబోధ ముందుకొచ్చి ఉండవచ్చు. అందరూ దానం చెయ్యాలన్నంత మాత్రానికి ఇంత కథ ఎందుకు? శుక్రుడి హెచ్చరిక ఎందుకు? ఇస్తే సర్వం పోతుందని బలికి ముందే తెలియడం ఎందుకు? ఆ వాక్యంలో వీటిలో దేనికీ చోటు లేదు. కథలో బరువైన భాగాన్ని బయట వదిలేసిన వాక్యం సారవాక్యం కాలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. "కథలు నీతి కోసమే కదండీ చెప్పుకుంటాం, నీతి రాస్తే తప్పేమిటి?" అని అడిగేవాళ్లున్నారు. తప్పు లేదు, అది నీతికథ అయినప్పుడు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేసినప్పుడు అందులోని మిత్రలాభం, మిత్రభేదం కథలు నీతి నేర్పడానికే ఉన్నాయి. నక్క, ఎద్దు, సింహం, కాకి, ఇవన్నీ ఆ నీతిని నడిపించే పాత్రలు. అక్కడ నీతే సారం. తెలుగు పిల్లల చెవికి మొదట అలవాటయ్యేవి ఇలాంటి కథలే కాబట్టి, ప్రతి కథ చివరా ఒక నీతి వేలాడుతూ ఉంటుందని వాళ్లు అనుకోవడం సహజమే. ఆధునిక కథ పద్ధతి వేరు. అది ఒక మనిషిని ఇరకాటంలో పెట్టి, అతను ఏం చేస్తాడో చూపించి, ఊరుకుంటుంది. మనం ఏం చెయ్యాలో చెప్పదు, మనుషులు ఎలా ఉంటారో చెబుతుంది. అందుకే సారవాక్యం ముందుగా జీవితం గురించిన ఒక గ్రహింపు. అందులోంచి నీతి తీసుకోవాలనుకుంటే, ఆ తర్వాత ఎవరి నీతి వాళ్లు తీసుకోవచ్చు.

దీన్ని ఒక మంచి కథ మీద పెట్టి చూద్దాం. గురజాడ అప్పారావు గారి దిద్దుబాటు తీసుకుందాం. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన కథ ఇది. చిన్న కథ, ఒక పీరియడ్‌లో చదివెయ్యవచ్చు. గోపాలరావు చదువుకున్నవాడు, సంఘసంస్కరణ మాటలు మాట్లాడేవాడు. రాత్రిపూట సభలు, పనులు అని భార్యకు చెప్పి సానిపాటకు వెళ్తుంటాడు. ఒక రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరేసరికి గది చీకటిగా ఉంటుంది. మంచం మీద భార్య కమలిని ఉండదు, బల్ల మీద ఉత్తరం ఉంటుంది. మీరు అబద్ధాలు ఆడాల్సి రావడానికి నేను ఇంట్లో ఉండటమే కారణమవుతోంది, అందుకని పుట్టింటికి వెళ్తున్నాను అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఆప్యాయంగా పిలవాల్సిన చోట ఆవిడ పరాయివాళ్లకు రాసినట్టు మొదలుపెట్టింది. గోపాలరావుకు ముందు గుచ్చుకున్నది ఆ పిలుపే. ఆ పైన నౌకరు రాముడి మీద మండిపడతాడు, కొడతాడు, మళ్లీ బుజ్జగిస్తాడు. తన తప్పు ఒప్పుకుంటాడు. నువ్వెళ్లి అమ్మగారికి ఇలా చెప్పు, అలా చెప్పు అని పాఠం నేర్పుతాడు. అంతలో మంచం కింద నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. ఆవిడ అసలు ఇల్లు కదలనే లేదు.

ఈ కథకు తరగతిలో ఎలాంటి వాక్యాలు వస్తాయో ఊహించడం కష్టం కాదు. ఒకరు "స్త్రీ విద్య" అంటారు. అది దేని గురించి అన్నదానికే జవాబు, ఇంకా ఏమీ అనలేదు. ఇంకొకరు "భర్తలు సానిపాటలకు వెళ్లకూడదు" అంటారు. అది నీతి. ఇందులో ఉత్తరం లేదు, నవ్వు లేదు, కమలినే లేదు. మరొకరు "కమలిని ఉత్తరం రాసి భర్తను మార్చింది" అంటారు. ఇది దగ్గరికొచ్చింది. కానీ ఇది జరిగిన సంగతే. అప్పుడు ఆ పిల్లను, "పేర్లు తీసేసి మళ్లీ చెప్పమ్మా" అనాలి. కమలిని అనే చోట ఎలాంటి మనిషో చెప్పాలి. ఉత్తరం అనే చోట అది ఎలాంటి పనో చెప్పాలి. ఆ పిల్ల ఆలోచించి "చదువుకున్న స్త్రీలు ఎప్పుడూ భర్తలను మారుస్తారు" అని రాసిందనుకోండి. ఎప్పుడూ, అందరూ అన్న మాటలు కథ మొయ్యలేని బరువు. ఒక ఇంట్లో ఒక రాత్రి జరిగిన కథ, లోకంలో ఆడవాళ్లందరి తరఫునా హామీ ఇవ్వలేదు. ఇంకొక్కసారి రాయమంటే "చదువు ఇచ్చిన తెలివితో, కోపానికి పోకుండా తప్పు ఎత్తిచూపగలిగితే, భార్య భర్తను దిద్దగలదు" అని వస్తుంది. ఇదీ సారవాక్యం. చూడండి, మొదటి ముక్క నుంచి ఇక్కడికి రావడానికి నాలుగు మెట్లు పట్టింది. ఈ మెట్లు ఎక్కించడమే బోధన. నాలుగో మెట్టును నల్లబల్ల మీద రాసిచ్చి బట్టీ పట్టమంటే ఆ పిల్ల ఒక్క మెట్టూ ఎక్కినట్టు కాదు.

ఇక మూడో ప్రశ్న. అది ఎక్కడ కనిపించింది? నా దృష్టిలో మూడింటిలోకి ఇదే పెద్దది. కోపానికి పోకుండా అన్నావు, కథలో ఎక్కడ కనిపించింది? చివర్లో నవ్వు దగ్గర. ఆవిడకు పగ ఉంటే ఆ నవ్వు ఉండదు, ఇంట్లోనే దాగి ఉండటమూ ఉండదు. చదువు ఇచ్చిన తెలివి అన్నావు, ఎక్కడ? ఉత్తరంలో. చదువే లేకపోతే ఆ ఉత్తరమే లేదు. ఇలా వాక్యంలోని ప్రతి మాటకూ కథలో ఒక చోటు చూపించగలగాలి. ఈ ప్రశ్న వల్ల ఇంకో పెద్ద మేలుంది. పాత్ర అన్న మాటకూ కథ అన్న మాటకూ తేడా తెలుస్తుంది. దిద్దుబాటులో రాముడికి ఆడవాళ్ల చదువు మీద నమ్మకం లేదు. చదువు వల్లే ఈ తంటా వచ్చిందన్నది అతని ఆలోచన. దాన్ని పట్టుకుని ఒక పిల్లవాడు "చదువు ఆడవాళ్లను ఎదురు తిరిగేలా చేస్తుంది" అని రాయవచ్చు. అతన్ని కసరక్కర్లేదు. ఎక్కడ కనిపించిందని అడగండి. రాముడి మాటల్లో అంటాడు. మరి ఆ మాటను కథ నిలబెట్టిందా, పడగొట్టిందా? ముగింపు చూడు అనండి. చదువుకున్న కమలిని కాపురాన్ని చెడగొట్టిందా, చక్కబెట్టిందా? కథే అతనికి జవాబు చెబుతుంది, మనం చెప్పాల్సిన పనే ఉండదు.

"సారవాక్యం ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తే మార్కులు ఎలా వెయ్యమంటారు?" అన్నది ఉపాధ్యాయుల పక్షాన వచ్చే గట్టి అభ్యంతరం. నిజమే, ఒక కథకు ఒకటికి మించి మంచి సారవాక్యాలు ఉంటాయి. దిద్దుబాటుకే ఇంకో వాక్యం చూడండి. "సంస్కరణ గురించి సభలో మాట్లాడటం తేలిక, అదే సంస్కరణ ఇంట్లో తన నడతను నిలదీస్తే తట్టుకోవడం కష్టం." దీనికీ కథలో ఆధారం ఉంది. విద్య నేర్చిన స్త్రీని ఆకాశానికెత్తే గోపాలరావే, విద్య నేర్చిన తన భార్య రాసిన ఉత్తరం చూసి తల్లడిల్లిపోయాడు. ఈ రెండు వాక్యాలూ ఒప్పే. అలాగని ఏం రాసినా ఒప్పే అని కాదు. "పేదరికం మనుషులను విడదీస్తుంది" అని ఎవరైనా రాస్తే అది తప్పే. కథలో దానికి చోటు లేదు. కాబట్టి కొలత మన చేతిలో ఉంది. గైడులో వాక్యంతో పోల్చి చూడకండి, కథతో పోల్చి చూడండి. వాక్యానికి కొన్ని మార్కులు, కథలోంచి చూపించిన ఆధారానికి అంతకంటే ఎక్కువ మార్కులు పెట్టండి. అప్పుడు బట్టీకి గిట్టుబాటు తగ్గుతుంది. గైడులో వాక్యం దొరుకుతుందేమో, "ఈ మాట ఎందుకు వాడావు?" అన్న ఎదురు ప్రశ్నకు జవాబు మాత్రం కథ చదివినవాడి దగ్గరే ఉంటుంది.

సాహిత్యాన్ని ప్రేమించేవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం వేరు. "కథను ఒక్క వాక్యంలోకి కుదించడమంటే దాని రసం పిండేసి పిప్పి చేతిలో పెట్టడం కాదా?" అంటారు. ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. సారవాక్యాన్ని కథకు బదులుగా వాడితే జరిగేది అదే. అయితే మనం అడుగుతున్నది కథను మళ్లీ చదివించే వాక్యం. "ఎక్కడ కనిపించింది?" అని అడిగిన ప్రతిసారీ పిల్లలు పుస్తకంలోకి తిరిగి వెళ్తారు. మొదటిసారి జారిపోయిన ఆ పరాయి పిలుపు రెండోసారి కంటపడుతుంది. ఇక పెద్ద రచన ఏదీ ఒక్క వాక్యంలో ఇమడదన్నది నిజం. కన్యాశుల్కం సంగతే చూడండి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు రాసిన పీఠికలో గురజాడ గారు తన ఉద్దేశాన్ని తానే చెప్పుకున్నారు. సంఘసంస్కరణకు తోడ్పడాలి, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహ పోవాలి అన్నారు. ఆడపిల్లలను అమ్ముకోవడం అన్యాయమన్నది ఆ నాటకంలో నిస్సందేహంగా ఉంది. కానీ అందులోని వేశ్య మధురవాణిని ఆ ఒక్క వాక్యంలో ఎక్కడ కూర్చోబెడతాం? గౌరవనీయులు అనుకునేవాళ్ల కంటే, లోకం వెలివేసిన ఆవిడ దగ్గరే ఎక్కువ వివేకం కనిపిస్తుంది. అది చెప్పడానికి ఇంకో వాక్యం కావాలి. అదే నాటకంలోని గిరీశం అనే పాత్ర కోసం మరొకటి. రచయిత ఉద్దేశం కూడా రచన మొత్తం కాదని పిల్లలకు తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నా వాక్యంలో ఏది మిగిలిపోయిందో చూసుకోవడం కూడా ఈ చదువులో భాగమే.

"ఇదంతా బాగానే ఉంది, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇంత లోతు ఎందుకు?" అన్నది చివరి అభ్యంతరం. లోతు పిల్లలకు కొత్త కాదు. సినిమా చూసి వచ్చి హీరో చేసింది న్యాయమా కాదా అని గంటసేపు వాదించుకునేది వాళ్లే కదా. ఆ వాదనను తరగతి గదిలోకి తెస్తే చాలు. సమయం గురించి అంటారా, ప్రతి పాఠానికీ చెయ్యనక్కర్లేదు. నెలకు ఒక కథతో మొదలుపెట్టండి. బలి కథ లాగా ముందే తెలిసిన కథైతే ఇంకా మంచిది, కథ చెప్పే సమయం మిగులుతుంది. మొదట నోటితో చెప్పించండి, రాయడం తర్వాత. మొదలులో ఈ మనిషి ఎలా ఉన్నాడు, చివరికి ఎలా అయ్యాడు, మధ్యలో ఏది అతన్ని కదిలించింది అని అడిగితే చాలామందికి దారి దొరుకుతుంది. పిల్లలు తప్పు వాక్యం చెప్తే కొట్టిపారెయ్యకండి. అది ఏ మెట్టు మీద ఉందో చూసి పైమెట్టుకు సరిపోయే ప్రశ్న వెయ్యండి. ఒక్క ముక్కే రాస్తే, ఏమంటోందని అడగండి. నీతి రాస్తే, కథలో ఏది మిగిలిపోయిందో చూడమనండి. జరిగింది రాస్తే, పేర్లు తియ్యమనండి. అందరూ, ఎప్పుడూ అని రాస్తే, ఈ కథ అంత మాట అందా అని అడగండి.

ఇదంతా పరీక్షలో మార్కుల కోసమే అయితే ఇంతసేపు మాట్లాడుకోవాల్సిన పని లేదు. రేపు ఈ పిల్లలు ఓటర్లవుతారు. ఉపన్యాసాలు వింటారు, ప్రకటనలు చూస్తారు, సెల్‌ఫోన్లో వచ్చిన ప్రతి సందేశమూ చదువుతారు. రైతుల గురించి మాట్లాడినవాళ్లంతా రైతుల కోసం ఏదో అన్నట్టే వినిపిస్తుంది. రైతుల గురించి ఏమన్నారు, దానికి ఆధారం ఎక్కడుంది అని విడదీసి అడగగలిగినవాళ్లే మోసపోకుండా ఉంటారు. ఆ అలవాటును ప్రేమగా, భయం లేకుండా నేర్పడానికి తెలుగు తరగతిని మించిన చోటు లేదు. ఎందుకంటే అక్కడ తప్పు చెబితే పోయేదేమీ లేదు, కథ మళ్లీ చదువుకోవచ్చు. కాబట్టి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఈ వారం ఒక్క కథకు జవాబు రాసివ్వకుండా మూడు ప్రశ్నలే ఇవ్వండి. తల్లిదండ్రులకూ ఇదే మనవి. పిల్లలు ఏదైనా కథ చదివామంటే, నీతి ఏమిటని అడగడంతో ఆపకండి. దేని గురించి అని అడగండి. ఏమంటోందని అడగండి. ఎక్కడ కనిపించిందని అడగండి. అడిగాక జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి, తొందరపడి మీరు అందించకండి. ఆలస్యంగా వచ్చినా, ఆ వాక్యం పిల్లలు సొంతంగా కట్టుకున్నదై ఉంటుంది.